సేఫ్టీ వాల్వుకు నేను కట్టిన కొబ్బరికాయ

2024 మే నెల. నర్సీపట్నం నుంచి మాకవరపాలెం వెళ్ళే దారిలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీ అనగానే ఆకాశాన్నంటే పొగగొట్టాలు ఊహించుకోకండి. రేకుల షెడ్డు ఒకటి, దాన్ని ఆనుకుని బాయిలర్ గది, ముందు జీడిపిక్కలు ఆరబోసే సిమెంటు కళ్ళం, అంతే. షెడ్డులో ముప్పై మంది ఆడవాళ్ళు కూర్చుని పిక్కలు కోస్తూ, పప్పు తీస్తూ ఉంటారు. వాళ్ళకీ బాయిలర్‌కీ మధ్య ఒక ఇటుక గోడ ఉంది.

నేను మెకానికల్ ఇంజనీర్ని. ఇరవై ఏళ్ళు దాటింది ఈ చుట్టుపక్కల రైస్ మిల్లుల్లో, జీడిపప్పు యూనిట్లలో బాయిలర్లు సర్వీసు చేయబట్టి. సర్కారు వాళ్ళ తనిఖీ వేరు. దానికి ముందూ వెనకా బాయిలర్ ఒంట్లో బాగుందో లేదో చూసుకునే పని నాది. ఆడమనిషి స్పానర్ పట్టుకుని బాయిలర్ ఎక్కడమేమిటని మొదట్లో నవ్వినవాళ్ళే ఇప్పుడు ‘ఇంజినీరమ్మ గారు’ అంటారు. నాకు ముక్కు మీద కోపం. తొందరపెడితే అసలు పడదు. ఎవరైనా పొగిడితే మాత్రం వెన్నలా కరిగిపోతాను. ఈ కథంతా ఆ రెండో గుణం వల్ల వచ్చింది.

ఆ రోజు పొద్దున్నే ఫ్యాక్టరీ యజమానురాలు నూకరత్నం గారు ఫోన్ చేశారు. ఆవిడ ఫోన్లో మాట్లాడితే ఫోన్ అవసరం లేదు, కిటికీ తెరిస్తే వినబడుతుంది.

“అమ్మా, మా గేజీ పాడైపోనాది. బేగి కొత్తది అట్టుకొచ్చి బిగించీయండి!”

ప్రెషర్ గేజ్ అంటే బాయిలర్‌లో ఆవిరి ఎంత ఒత్తిడిలో ఉందో చూపించే గడియారం లాంటిది. ఒక ముల్లు, ఒక ఎర్రగీత. పాడయిందని ఎలా తెలిసిందని అడిగాను.

“ముల్లు ఎర్రగీత దాటేసి ఎల్లిపోతంది. నిజంగా అంత ప్రెజరుంటే పైన వాల్వు అరవాలి కదా? అది నోరెత్తట్లేదు. మరి గేజీదే తప్పు కాదేటి?”

ఆ మాట వినగానే నా ఒళ్ళు జలదరించాలి. జలదరించలేదు. వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి! ఇద్దరు సాక్షులున్నారు. ఒకరు ప్రమాదం అంటున్నారు, ఇంకొకరు నోరు మెదపడం లేదు. మనిషికి ఎప్పుడూ నోరు మెదపని సాక్షి మీదే గురి. నేను కూడా గేజ్‌లు పాడవడం మామూలే కదా అనుకుని, కొత్తదొకటి స్కూటీ డిక్కీలో వేసుకుని బయల్దేరాను.

ముందు సేఫ్టీ వాల్వు సంగతి చెప్పాలి. మీ ఇంట్లో కుక్కర్ మీద వెయిట్ ఉంటుంది కదా. లోపల ఆవిరి ఎక్కువైతే అది లేచి ఈల వేసి, ఎక్కువైంది బయటికి వదిలేస్తుంది. బాయిలర్ మీద సేఫ్టీ వాల్వు చేసేదీ అదే. వీళ్ళది పాతకాలపు చిన్న బాయిలర్, లీవర్ వాల్వు. వాల్వు మీద అడ్డంగా ఒక ఇనుప కడ్డీ ఉంటుంది, ఆ కడ్డీ చివర మూడు కిలోల గుండు వేలాడుతుంది. గేజ్ మీద ప్రెషర్ ఐదు దాటితే ఆవిరి ఆ కడ్డీని ఎత్తి, చెవులు చిల్లులు పడేలా కూత పెట్టి బయటికి పోతుంది. గుండు బరువు పెరిగితే కూత ఆలస్యమవుతుంది. ఇంకా పెరిగితే కూతే ఉండదు. కుక్కర్ వెయిట్ మీద ఇంకో గిన్నె బోర్లించి చూడండి, మీకే తెలుస్తుంది. వద్దు వద్దు, చూడకండి. నా మాట నమ్మండి చాలు.

ఫ్యాక్టరీకి చేరగానే నూకరత్నం గారు ఎదురొచ్చారు. “రండమ్మా, ముందు టీ తాగండి. గేజీ ఎక్కడికీ పోదు” అని ఆఫీసు గదిలో కూర్చోబెట్టారు. ఆ గదిలో గోడ మీద ఒక ఫోటో ఉంది. అందులో ఉన్నది నేనే. పట్టుచీరలో, తల్లో పూలతో, బాయిలర్ ముందు స్టూలెక్కి, ఎర్రగుడ్డలో చుట్టిన కొబ్బరికాయ కడుతున్నాను. ఆ ఫ్యాక్టరీకి వెళ్ళిన ప్రతిసారీ ఆ ఫోటో వైపు ఒకసారి చూసుకుంటానని ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. చీర అంచు చాలా బాగా పడింది.

ఆ ఫోటో కిందటి దసరా నాటిది. ఆ రోజుల్లో ఈ బాయిలర్ రోజుకు నాలుగైదుసార్లు కూత పెట్టేది. తప్పు బాయిలర్‌ది కాదు. మంట పెట్టే అప్పలనాయుడు పని త్వరగా తెమలాలని జీడితొక్కలు పారల కొద్దీ పొయ్యిలోకి తోసేవాడు. జీడితొక్కలో నూనె ఉంటుంది, భగ్గున మండుతుంది. తొక్కలు తగ్గించి వేయమని చెప్పాను. తలూపాడు. కానీ వాళ్ళందరి బాధ వేరే. ఆ కూత వాళ్ళ చెవులకు ఏడుపులా వినబడేది.

“బాయిలర్ ఏడస్తందమ్మా. పని కాడ ఏడుపు మంచిది కాదు. ఎవుల దిష్టో తగిలినాది” అన్నారు నూకరత్నం గారు.

అందుకని ఆయుధపూజ ఘనంగా చేశారు. బాయిలర్‌కి పసుపు, కుంకుమ, బంతిపూల దండలు. గుమ్మడికాయ కొట్టాక, దిష్టి కొబ్బరికాయ కట్టే వేళకి ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. “మీ సేత్తోనే కట్టండి. మాలచ్చిమి లాంటోరు. ఈ బాయిలర్‌కి ప్రాణం పోసేది మీరే కదా!”

ప్రాణం పోసేది నేనట! ఇంక నా కాళ్ళు నేల మీద నిలవలేదు. ఎక్కడ కట్టాలో నాయుడు చూపించాడు. బాయిలర్ ముందు భాగంలో చక్కగా కొక్కెంలా బయటికి పొడుచుకొచ్చి, అందరికీ కనబడేలా ఉన్నది ఒక్క లీవర్ కడ్డీయే. దానికే కట్టాను. కడుతున్నప్పుడు నా చదువు ఒకసారి లోపల గొణిగింది, అబద్ధమెందుకు. పూజయ్యాక తీయించేద్దాంలే అనుకున్నాను. ఆ మాట పులిహోరతో పాటు కడుపులోకి పోయింది.

సరే, టీ తాగి బాయిలర్ గదిలోకి వెళ్ళాను. నాయుడు పొయ్యి దగ్గర ఉన్నాడు. నలభై ఏళ్ళవాడు, నెమ్మదస్తుడు. పొయ్యికి రెండు బారల దూరంలో స్టీమ్ కుక్కర్ ఉంది, పిక్కల్ని ఆవిరికి ఉడికించే పెద్ద డ్రమ్ము. దాని దగ్గర మార్తమ్మ ఉంది. పదిహేనేళ్ళుగా ఆ కుక్కర్ ఆమెదే. ఎప్పుడు ఆవిరి వదలాలో, ఎప్పుడు ఆపాలో వాసన చూసి చెప్పగలదు. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి, మిగతా ఆరు రోజులూ ఇక్కడికి వస్తుంది. నన్ను చూస్తే ఎప్పుడూ నవ్వే మనిషి ఆ రోజు నవ్వలేదు.

గేజ్ కింద ఉండే కాక్, అంటే చిన్న కుళాయి, కట్టేసి, పాతది విప్పి, కొత్తది బిగించి, కాక్ తెరిచాను. ముల్లు లేచింది. రెండు, మూడు, నాలుగు. ఐదు దగ్గర ఎర్రగీత. అక్కడ ఆగలేదు. ఆరు దాటింది. ఆరున్నర మీద నిలబడి, సన్నగా వణుకుతూ ఇంకా పైకి చూస్తోంది.

రెండు గేజ్‌లు ఒకే అబద్ధం చెప్పవు. బాయిలర్ డ్రమ్ము తట్టుకోగలదని రాసి ఉన్నది ఏడు.

తలెత్తి వాల్వు వైపు చూశాను. గుండు ఎప్పటిలాగే వేలాడుతోంది. దాని పక్కనే, కడ్డీకి, ఎర్రగుడ్డల్లో మూడు కొబ్బరికాయలు, వాటి మధ్య ఒక గుర్రపు నాడా.

“నాయుడూ, ఇవేమిటి?”

నాయుడి మొహం వెలిగిపోయింది. “మొదటిది మీరు కట్టిందేనమ్మా. మీ సెయ్యి సలవ, ఏడుపు సగం తగ్గినాది. నాగుల చవితికి నానోటి కట్టినాను, ఇంకా తగ్గినాది. ఉగాది ముందు కొత్తమాసకి అమ్మగారు తీర్థం నుంచి ఓటి తెచ్చేరు. నాడా కూడా ఏసేం. మరింక నోరెత్తనేదు!”

పాపం, అబద్ధమేమీ చెప్పలేదు. ఒక్కో కాయా నిజంగానే పనిచేసింది. మూడు కిలోలు వేలాడాల్సిన చోట ఐదు కిలోలు వేలాడుతున్నాయి. మనసులో లెక్క కట్టాను. ఐదు దగ్గర అరవాల్సిన వాల్వు ఎనిమిది దాటితే గాని అరవదు. డ్రమ్ము ఏడుకే చాలు బాబోయ్ అంటుంది. గోడకి అవతల నుంచి ఆడవాళ్ళ నవ్వులు వినబడుతున్నాయి.

నా మొహం చూసి నాయుడు కంగారుపడ్డాడు. “తీసీమంతారేటి?” అంటూ స్టూలు లాక్కుని ఎక్కబోయాడు.

“ముట్టుకోకు!” అని ఒక్క అరుపు అరిచాను. ఆ ప్రెషర్లో బరువు తీసేస్తే ఏమవుతుందంటే, అన్నాళ్ళు నోరు నొక్కిపెట్టిన వాల్వు ఒక్కసారిగా విప్పుకుంటుంది. ఎదురుగా ఉన్న మనిషి మొహం ఉడికిపోతుంది. ముందు మంట తగ్గాలి, ఆవిరి మెల్లగా దిగాలి, తరవాతే కాయలు. బాయిలర్‌లో నీళ్ళెంత ఉన్నాయో చూపించే గాజుగొట్టం చూశాను. నీళ్ళు సగానికి ఉన్నాయి, దేవుడి దయ. నాయుణ్ణి పొయ్యిలో తొక్కలు బయటికి లాగేయమన్నాను. పొయ్యికి గాలి అందించే పలక మూశాను. కానీ అన్నిటికంటే ముందు జరగాల్సిన పని ఆ ముప్పై మందినీ బయటికి పంపడం. ‘బాయిలర్ పేలుతుంది, పరిగెత్తండి’ అంటే గుమ్మం ఒక్కటే, చేతుల దగ్గర పిక్కలు కోసే కత్తెర మిషన్లు, కింద నూనె జిడ్డు. పేలకుండానే సగం మంది ఆసుపత్రిలో ఉంటారు.

నేను మాటలు వెతుక్కుంటుంటే మార్తమ్మ నా పక్కకి వచ్చి, “జనాన్ని బయటికంపాల, అంతేనా అమ్మా?” అంది నెమ్మదిగా. తలూపాను. ఆమె షెడ్డు గుమ్మం దగ్గరికి వెళ్ళి, చేతులు చరిచి, గొంతెత్తింది.

“ఓలమ్మలూ! ఇంజినీరమ్మ గారు మన్నందరినీ ఫోటో తీస్తారంట! మావిడిచెట్టు కాడికి రమ్మన్నారు. బేగి రండి, ఎనకొచ్చినోలు ఎనకే నిలబడాల!”

అంతే! ముప్పై మందీ కత్తెరలు వదిలేసి లేచారు. ఒకామె దువ్వెన అడుగుతోంది, ఇంకొకామె ముందు వరసలో చోటు పట్టమని కూతుర్ని పంపుతోంది. “ఓలి, జీడి సేతులు కడుక్కోనీయవే!” అని ఎవరో అరుస్తున్నారు. నూకరత్నం గారు కూడా పైట సర్దుకుంటూ వాళ్ళ వెనకే వెళ్ళిపోయారు. రెండు నిమిషాల్లో షెడ్డు ఖాళీ. నా ఇరవై ఏళ్ళ అనుభవంలో అంత చక్కగా జనం ఖాళీ చేసిన చోటు ఇంకొకటి చూడలేదు.

మార్తమ్మ మాత్రం వెనక్కి వచ్చింది. వెళ్ళిపొమ్మని కసిరాను.

“మీరు గేజీ సూడండి. కుక్కర్ కాక్ నాను తిప్పుతాను. దీని సంగతి నాకు తెలుసు” అంది, కాక్ మీద చెయ్యి వేసి.

ఖాళీ కుక్కర్లోంచి ఆవిరిని కొద్దికొద్దిగా బయటికి వదులుతూ, నేను చెప్పినప్పుడు ఇంకో పిసరు తిప్పుతూ నిలబడింది. ఆరున్నర. ఆరుంబావు. ఆరు. నాయుడు నిప్పులు లాగి లాగి చెమటతో ముద్దయ్యాడు. ఐదున్నర దగ్గర నేను ఊపిరి పీల్చుకున్నాను. నాలుగుకి దిగాక స్టూలెక్కి, తాళ్ళు కోసి, కాయల్ని ఒక్కొక్కటిగా నాయుడి చేతిలో పెట్టాను. వాడు వాటిని కళ్ళకద్దుకుని పక్కన పెట్టాడు. అంతా కలిపి ఒక అరగంట పైన పట్టి ఉంటుంది. నా జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది.

బయటికి రాగానే మావిడిచెట్టు కింద రెండు వరసల్లో బుద్ధిగా నిలబడ్డ ముప్పై మంది నా మీద విరుచుకుపడ్డారు.

“ఏటమ్మా, ఎండలో ఎంతసేపని నిలబడాల? ఫోటో ఏదీ?”

తీశాను. తియ్యక చస్తానా?

తరవాత మార్తమ్మని పక్కకి పిలిచి అడిగాను. “నీకు ముందే తెలుసు కదూ?”

చీర కొంగు వేలికి చుట్టుకుంది. “తెలుసమ్మా. ముందు ఐదు కాడ అరిసేది. మొదటి కాయ కట్టేక ఆరు దాటితే గాని అరవనేదు. రెండోది కట్టేక ఏడు కాడికి ఎల్లినాది. మూడోది కట్టేక అరవడమే మానీసినాది. రోజూ సూస్తన్నాను కదా.”

“మరి చెప్పొద్దూ? ఆ గోడ పక్కనే కదా అందరూ కూర్చునేది!” నా కోపం అప్పటికి తిరిగొచ్చింది.

“నాను సర్చి మనిషిని కదమ్మా. దేవుడి కొబ్బరికాయ తీసీమని నానంటే ఏటనుకుంతారు? ఇంత కాలం ఒక్క చోట కూకుని తిన్నాం. ఆ మాటతో మనసులు ఇరిగిపోతే?”

“పోనీ, నాకు ఫోన్ చెయ్యాల్సింది.”

నా వైపు చూసింది. ఆ చూపులో నిష్ఠూరం లేదు, అదే నాకు ఎక్కువ తగిలింది.

“మొదటిది మీరే కట్టేరు కదమ్మా. అంత సదువుకున్నోరు కట్టేక తప్పని నానెలాగనేది? పొద్దున్నే వచ్చేటప్పుడు ఆఫీసులో మీ ఫోటో సూసేదాన్ని. నాకే తెలీదేమోలే అనుకునేదాన్ని.”

తల కొట్టేసినట్టయింది. “తప్పు నాది మార్తమ్మా” అన్నాను. “పోనీలెండి, ఎవులికీ ఏటీ కానేదు” అని తనే నన్ను ఓదార్చింది.

ఆఫీసులో నూకరత్నం గారికి అంతా చెప్పాను. ముందు నమ్మలేదు. తరవాత గుండె మీద చెయ్యి వేసుకుని కూలబడ్డారు. ఆ తరవాత, నేను లాగ్ బుక్ తియ్యగానే, లేచి నిలబడ్డారు. లాగ్ బుక్ అంటే బాయిలర్ జాతకం. ఎప్పుడు ఏం జరిగిందో, ఏం మార్చామో అందులో రాయాలి.

“కొబ్బరికాయల మాట రాయకండమ్మా. గేజీ మార్చేమని రాసీండి, సాలు. రేపు పప్పు కొనే కంపెనీ నుంచి మనిషొచ్చి కాయితాలు సూస్తాడు. ఇది సదివితే సరుకు అట్టుకెల్తాడేటి? ఇంతమంది పొట్ట కొట్టినట్టవుతాది.” గొంతు తగ్గించి, “మీ పేరు కూడా పోతాదమ్మా” అన్నారు.

ఆ రెండో మాట దగ్గర నా పెన్ను ఆగిందని దాచకుండా చెబుతున్నాను. ఈ చుట్టుపక్కల ‘ఇంజినీరమ్మ’ అనిపించుకోవడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది. కొబ్బరికాయ కథ ఊరంతా పాకడానికి ఒక పూట చాలు. గేజ్ మార్చిన మాట నిజమే కదా, అదొక్కటే రాస్తే అబద్ధమేముంది అని లోపల ఒక గొంతు అంది. దసరా నాడు పూజయ్యాక తీయించేద్దాంలే అన్న గొంతూ అదే. గుర్తుపట్టాను.

ఇలా రాశాను: “సేఫ్టీ వాల్వు లీవర్‌కి మూడు కొబ్బరికాయలు, ఒక నాడా కట్టి ఉన్నాయి. అందువల్ల వాల్వు పనిచెయ్యలేదు. ప్రెషర్ పరిమితి దాటింది. మొదటి కాయ కట్టినది నేను. హైడ్రాలిక్ టెస్ట్ అయ్యేవరకు బాయిలర్ వెలిగించరాదు.” కింద సంతకం పెట్టి తేదీ వేశాను.

నూకరత్నం గారు నాతో మాటలు మానేశారు. మానేశారంటే మామూలుగా కాదు. నేను ఎదురుగా నిలబడి ఉండగానే, “నాయుడూ, ఆ ఇంజినీరమ్మకి టీ కావాలేమో అడుగు” అనేవారు. నాయుడు నా వైపు తిరిగి, “అమ్మగారు టీ కావాలేమో అడగమంతన్నారండి” అనేవాడు. కావాలని చెప్పు అనేదాన్ని. టీ మాత్రం ఎప్పటిలాగే అల్లం దంచి వేసి వచ్చేది.

మర్నాడు కంపెనీ మనిషి వచ్చాడు, కాయితాలు చదివాడు. కొబ్బరికాయల దగ్గర పకపకా నవ్వాడు. నవ్వు ఆగాక, మళ్ళీ మొదటి నుంచి చదివాడు. టెస్ట్ అయ్యాక కబురు చెయ్యండి, అప్పటిదాకా సరుకు యలమంచిలి వైపు ఇంకో యూనిట్ నుంచి తీసుకుంటానన్నాడు. నూకరత్నం గారు నా వైపు చూసిన చూపుకి నేను భస్మం కావాలి.

ఆ తరవాతి రోజు హైడ్రాలిక్ టెస్ట్ పెట్టాను. బాయిలర్ నిండా చన్నీళ్ళు నింపి, చేతిపంపుతో మామూలు కంటే ఎక్కువ ఒత్తిడి పెట్టి, ఎక్కడైనా చెమ్మ వస్తుందేమో చూడటం. నీళ్ళు కాబట్టి కారుతుందే తప్ప పేలదు. నాయుడు పంపు కొడుతున్నాడు, నేను టార్చి పట్టుకుని అంగుళం అంగుళం చూస్తున్నాను. నూకరత్నం గారు కూడా వచ్చి, నాతో సంబంధం లేనట్టు గుమ్మంలో నిలబడ్డారు.

ఇంకా పెట్టాల్సిన ఒత్తిడి సగం కూడా పెట్టలేదు. డ్రమ్ము వెనక వైపు, వెల్డింగ్ అతుకు మీద ఆవగింజంత నీటిచుక్క కనబడింది. తుడిచాను. మళ్ళీ వచ్చింది. తుడిచాను. మళ్ళీ వచ్చింది.

నాయుడు పంపు ఆపేసి చూశాడు. చుక్క ఉన్నది షెడ్డు గోడ వైపు. వాడు అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. మార్తమ్మ వచ్చి, వేలితో ఆ చుక్కని తాకి, కొంగుకి తుడుచుకుంది.

“ఓలమ్మో...” అన్నారు నూకరత్నం గారు. ఆ గొంతు అంత చిన్నగా రావడం నేనెప్పుడూ వినలేదు. “ఈ గోడకానుకునే కదా మా మరదలు కూకుంతాది.” తరవాత నా దగ్గరికి వచ్చి, నాయుడి మధ్యవర్తిత్వం లేకుండా, నా రెండు చేతులూ పట్టుకున్నారు. “ఎన్నాళ్ళయినా పర్లేదమ్మా. సరిగ్గా సెయ్యండి.”

పన్నెండు రోజులు పట్టింది. అతుకు కోయించి, అనుభవమున్న వెల్డర్‌తో మళ్ళీ వేయించి, మళ్ళీ టెస్ట్ పెట్టి, సర్కారు వాళ్ళకి చూపించి, రెండో సేఫ్టీ వాల్వు కూడా పెట్టించాను. దీనికి పైన మూత ఉంది, ఏమీ వేలాడదీయడానికి వీల్లేదు. ఆ పన్నెండు రోజుల్లో అప్పటికే ఉడికించి ఉన్న పిక్కలతో కొందరికి పని దొరికింది, కొందరికి దొరకలేదు. ఆ నష్టం నిజమే, దాన్ని నేను తీర్చలేను. కంపెనీ మనిషి మాత్రం తిరిగొచ్చాడు. లాగ్ బుక్‌లో తమ తప్పు తామే రాసుకున్న యూనిట్ ఇంతవరకు చూడలేదన్నాడట. అది పొగడ్త అని తెలిసి కూడా ఈసారి నేను కరగలేదు. కొంచెమే కరిగాను.

కొబ్బరికాయల పంచాయతీ మిగిలింది. తీసేస్తే దిష్టి తిరగబడుతుందేమోనని నాయుడి భయం. ఆ తీర్పు నూకరత్నం గారే చెప్పారు. “దిష్టి తగిలేది ఇనప డ్రమ్ముకి కాదురా, మనుషులకి. షెడ్డు గుమ్మానికి కట్టండి, అందరూ కిందనుంచే నడుస్తారు.” ఇంత తేలిక పరిష్కారం నాకు తట్టలేదు. దేవుణ్ణీ లీవర్నీ విడదీయడానికి నేను ఉపన్యాసం తయారుచేసుకుని వెళ్ళాను మరి.

ఇంకో ఏర్పాటు కూడా చేశాం. రోజూ పొద్దున్న ఆవిరి లేవగానే, పని మొదలయ్యే ముందు వాల్వుకి కట్టిన గొలుసు దూరం నుంచి ఒకసారి లాగాలి. అది అరిచిందంటే బతికే ఉందన్నమాట. అరవకపోతే ఆ రోజు పొయ్యి ఆర్పేయడమే. ఆ గొలుసు మార్తమ్మ చేతికి ఇద్దామన్నాను. నాయుడేమంటాడోనని ఆమె అతని వైపు చూసింది.

“నన్ను సూస్తావేటి?” అన్నాడు నాయుడు. “నీకు తెలిసినాది మాకు తెలీనేదు. అప్పుడే సెప్పుంటే నాను ఇనేవోణ్ణో కాదో గాని, ఇప్పుడు ఇంతాను. లాగు.”

ఇక నా సంగతి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ వారమంతా స్కూటీ వేసుకుని నేను పూజలకు వెళ్ళిన ప్రతి చోటికీ పరిగెత్తాను. ఎస్. రాయవరం వైపు ఒక మిల్లులో వాల్వుకి నిమ్మకాయలు, మిరపకాయల దండ దొరికింది. అది తేలికే, ఏమీ కాదు, అయినా తీయించాను. ప్రతి చోటా కొబ్బరికాయ కథ నేనే చెప్పాను, ఎవరో చెప్పేదాకా ఆగకుండా. నవ్వారు. నవ్వుతూనే లేచి వెళ్ళి తమ వాల్వు చూసుకున్నారు. పేరు పోతుందనుకున్నాను గాని, ఆ ఏడాది నాకు పని ఎక్కువైంది.

చదువులో నాకు ఎన్నో సూత్రాలు నేర్పారు. లీవర్ సూత్రం కూడా నేర్పారు, అది నేను మరిచిపోలేదు. కానీ ఆ గదిలో నిజం తెలిసిన మనిషి ఒకామె ఆరేడు నెలలు నోరు మూసుకుని ఉంది. ఆమె నోటి మీద బరువు పెట్టింది కొబ్బరికాయ కాదు, గోడ మీద నా ఫోటో. ఇప్పుడు ఏ బాయిలర్ గదికి వెళ్ళినా గేజ్ చూసే ముందు అక్కడ పనిచేసేవాళ్ళ దగ్గర కూర్చుంటాను. ‘నేను చేసిన దాంట్లో మీకేం తేడాగా కనబడుతోంది?’ అని అడుగుతాను. మొదట ఏమీ లేదంటారు. టీ సగమయ్యాక చెబుతారు.

ఆ ఏడు దసరాకి నూకరత్నం గారు మళ్ళీ పిలిచారు. అదే పట్టుచీర కట్టుకున్నాను. కొబ్బరికాయ షెడ్డు గుమ్మానికి నాయుడు కట్టాడు. పూజయ్యాక పొయ్యి వెలిగించి, ఆవిరి లేచాక అందరం బాయిలర్ ముందు ఫోటోకి నిలబడ్డాం. మార్తమ్మ దణ్ణాల వేళ పక్కనే నిలబడి, తరవాత వరసలోకి వచ్చింది. ఫోన్ పట్టుకున్న కంపెనీ మనిషి “రెడీ” అన్నాడు. సరిగ్గా అప్పుడే, ఎవరికీ చెప్పకుండా, ఆమె గొలుసు లాగింది.

వాల్వు పెట్టిన కూతకి మావిడిచెట్టు మీద కాకులన్నీ లేచిపోయాయి. ఫోటోలో ముప్పై మందీ చెవులు మూసుకుని నవ్వుతున్నారు. నూకరత్నం గారు నాయుడి భుజం పట్టుకుని వేలాడుతున్నారు. నా నోరు తెరుచుకుని ఉంది, పూలు జారి చెవి మీద పడ్డాయి. మార్తమ్మ ఒక్కతే గొలుసు పట్టుకుని నిటారుగా నిలబడి ఉంది.

“ఇంకోటి తీద్దామమ్మా, ఇందులో మీరేటీ బాగోనేదు” అన్నారు నూకరత్నం గారు.

వద్దు, ఇదే పెట్టండి అన్నాను. ఆఫీసు గోడ మీద ఇప్పుడు అదే ఉంది. పాతది అడిగి తెచ్చుకున్నాను. నా వర్క్‌షాపులో, నేను రిపోర్టులు రాసే బల్లకి ఎదురుగా తగిలించాను. సంతకం పెట్టేముందు ఒకసారి తలెత్తి చూస్తాను. చీర అంచు ఇప్పటికీ బాగానే పడింది.